ఎవరూ లేరా అని అడిగే ఉద్యోగం

పోలీసు ఉద్యోగంలో చివరి ఏడేళ్ళు ఏలూరులో ఫారినర్స్ సెక్షన్ చూశానని చెబితే, వినేవాళ్ళు కుర్చీ దగ్గరకు లాక్కుంటారు. గూఢచారుల కథలు చెబుతానని వాళ్ళ ఆశ. ఆ ఏడేళ్ళలో నాకు ఒక్క గూఢచారీ తగల్లేదు. ఆ ఊళ్ళోనే తంగెళ్ళమూడి పేటలో పుట్టి, కరాచీలో కాపురం చేసి, మళ్ళీ పుట్టింటికి వచ్చిన ఒక ఆడమనిషి మాత్రం తగిలింది. ఆవిడ మీద నేను రెండు పేజీల రిపోర్టు రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆవిడ ఈ ఊళ్ళో ఉండకుండా పోయింది ఆ రిపోర్టు వల్లనే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని ఆ మధ్య పిలిచారు. రూల్సు ఎలాగూ పుస్తకంలో ఉంటాయి కదా, మీ అనుభవం చెప్పండి అన్నారు. నేను ఆ రూల్సే నాలుగు చెప్పాను. జ్ఞాపికా శాలువా తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

రెండు పేజీలు

పని చెప్పుకోడానికి చాలా చిన్నది. వేరే దేశం పాస్‌పోర్టుతో మన జిల్లాకు వచ్చినవాళ్ళు మా దగ్గర పేరు రాయించుకోవాలి. పాకిస్తాన్ పాస్‌పోర్టు అయితే దిగిన మర్నాటికల్లా రావాలి. వీసా మీద ఏ ఊరు రాసి ఉంటే ఆ ఊళ్ళోనే ఉండాలి. ఏలూరని రాసి ఉంటే, రైల్లో గంట కూడా పట్టని తాడేపల్లిగూడెం వెళ్ళాలన్నా ముందుగా అర్జీ పెట్టుకుని, పర్మిషన్ చేతికి వచ్చాకే కదలాలి.

ఇక్కడే ఉండిపోతామని ఎవరైనా అర్జీ పెడితే మేము ఎంక్వయిరీకి వెళతాం. ఎంక్వయిరీ అంటే పెద్ద పరిశోధన అనుకోకండి. ఇంటికి వెళ్ళి, ఇచ్చిన టీ తాగి, పది ప్రశ్నలు అడిగి, ఇరుగుపొరుగులను వాకబు చేసి రెండు పేజీలు రాయడమే. ఆ రెండు పేజీలు హైదరాబాదు వెళతాయి, అక్కడినుంచి ఢిల్లీ వెళతాయి. ఢిల్లీలో సంతకం పెట్టే ఆఫీసరు ఆ మనిషి మొహం చూడడు, గొంతు వినడు. ఆయనకు కనబడేది నా చేతిరాత ఒక్కటే. ఈ సంగతి నేను సెక్షన్‌లో చేరినప్పుడు ఎవరూ చెప్పలేదు. స్టాంపులు ఎక్కడుంటాయో చెప్పారు, బీరువా తాళం చూపించారు, అంతే.

ఒకటే కుర్చీ

నా టేబుల్ ముందు ఒకటే కుర్చీ ఉండేది. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టానో చెబితే నా ఏడేళ్ళ ఉద్యోగం చెప్పినట్టే.

మాది ఉంగుటూరు దగ్గర పల్లె. నాన్న మిషన్ బడిలో మాస్టారు. నా చదువు సగం చర్చి వాళ్ళ దయ. ఏటా చలికాలంలో మా పల్లెల్లో పెద్ద ప్రార్థన కూటాలు పెడతారు. వాటికి ఒక విదేశీ దంపతులు వచ్చేవారు. వాళ్ళది టూరిస్టు వీసా. దాని మీద ఊళ్ళు చూడవచ్చుగాని స్టేజీ ఎక్కి ప్రసంగాలు చేయకూడదు. వాళ్ళు మూడు రోజులూ చేశారు. నేను మా ఆవిడతో ముందు వరుసలో కూర్చుని విన్నాను, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. మర్నాడు ఆఫీసుకు వస్తే ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి టీ తెప్పించాను. రిజిస్టరులో ‘ఊళ్ళు చూడటానికి వచ్చారు’ అని రాశాను.

తాడేపల్లిగూడాన్ని మేము గూడెం అంటాం. అక్కడ ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. సింధు ప్రాంతం నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చేసిన హిందువు. అక్కడ కూతురిని బడికి పంపాలంటే భయమేసేదని చెప్పేవాడు. ఆయననూ కుర్చీలో కూర్చోబెట్టాం. మా ఇన్‌స్పెక్టర్ గారు స్వయంగా వచ్చి, మనవాళ్ళే కదా, కాగితం ఆపకండి అని చెప్పి వెళ్ళేవారు. ఏటా ఆ కాగితం మంచి మాటతో పైకి వెళ్ళేది. దానికి నేను ఈ రోజుకీ బాధపడటం లేదు. భయపడి వచ్చినవాడిని పొమ్మంటే ఎక్కడికి పోతాడు?

ముందు చెప్పిన తంగెళ్ళమూడి ఆవిడ, మస్తాన్‌బీ మాత్రం నిలబడేది. నిలబడమని నేను ఎప్పుడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

తంగెళ్ళమూడి మనిషి

ఏలూరు తివాచీల పేరు మీరు వినే ఉంటారు. తంగెళ్ళమూడిలో ఆ మగ్గాల మధ్య పుట్టింది ఆవిడ. లంగా జాకెట్ల వయసు నుంచే వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఉన్ని ముడులు వేసేది. హైదరాబాదులో ఉన్న దూరపు బంధువు ఒకాయన సంబంధం తెచ్చాడు. పెళ్ళికొడుకు వాళ్ళు దేశం విడిపోయినప్పుడు కరాచీ వెళ్ళిపోయిన కుటుంబం. కుర్రాడు బుద్ధిమంతుడు, సొంత ఇల్లు అన్నారు. చేసి పంపేశారు. మొగుడిది ఏ దేశమో పెళ్ళానిదీ అదే దేశం కాబట్టి అక్కడి పాస్‌పోర్టు వచ్చింది. పాతికేళ్ళకు పైగా కాపురం చేసింది. పిల్లలు లేరు. ఆయన పోయాడు.

ఆయన పోయిన తర్వాత ఏం జరిగిందో నాకు తెలిసింది చాలా ఆలస్యంగా, అదీ ఆవిడ తమ్ముడు బాజీ చెబితే. మరిది ఇల్లు తన పేరు మీద రాయించుకుని, ఆవిడ ట్రంకు పెట్టె తెచ్చి వీధి అరుగు మీద పెట్టాడట. ఆవిడ కొన్నాళ్ళు వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, చుట్టపు చూపుకని వీసా తీసుకుని ఏలూరు వచ్చింది. బాజీ తంగెళ్ళమూడిలోనే పాత తివాచీలు ఉతికి, చిరుగులు అల్లి ఇచ్చే పని చేసేవాడు. తిరిగి వెళ్ళనని ఆవిడ అంది. వెళ్ళనివ్వనని అతను అన్నాడు. ఇద్దరూ కలిసి అర్జీ పెట్టారు. ఈ ఊళ్ళో ఉండి, అమ్మా నాన్నల పక్కన మట్టిలో కలవాలని ఆవిడ కోరిక. ఆ మాట అర్జీలో అలాగే రాశారు.

ఇప్పుడు ఒక రూలు చెప్పాలి. ఇక్కడ పుట్టి, అక్కడివాడిని పెళ్ళాడి, భర్త పోయాకో విడాకులయ్యాకో తిరిగి వచ్చిన ఆడవాళ్ళకు ఇక్కడ ఏళ్ళ తరబడి ఉండనిచ్చే వీసా ఒకటి ఉంది. ఒక్కటే షరతు. అక్కడ పోషించే మగదిక్కు ఎవరూ ఉండకూడదు. చదివితే మస్తాన్‌బీ కోసమే రాశారా అనిపిస్తుంది. ఆవిడ చేయాల్సిందల్లా నాకు ఎవరూ లేరు అని ఒక్క మాట చెప్పడం. నేను చేయాల్సిందల్లా ఆ మాట రాయడం.

టీ చల్లారకముందే

అవి కొల్లేరు సరస్సులో చేపల చెరువులను ప్రభుత్వం కొట్టేయిస్తున్న రోజులు. గట్లు పగలగొట్టడానికి మిషన్లు వస్తే వాటికి అడ్డంగా జనం పడుకునేవారు. జిల్లాలో ఉన్న పోలీసులందరూ కొల్లేరు మీదే ఉన్నారు. మా సెక్షన్ స్పెషల్ బ్రాంచి కిందిది కాబట్టి మేము మామూలుగా మఫ్టీలో తిరుగుతాం. మాకు కూడా యూనిఫాం వేసి లంక గ్రామాలకు తోలారు. ఉదయం వెళితే సాయంత్రానికి మోకాళ్ళ దాకా బురదతో, తిట్లు తిని తిరిగి వచ్చేవాళ్ళం.

ఒక రోజు ఇన్‌స్పెక్టర్ గారు పిలిచి, తంగెళ్ళమూడి ఫైలు ఎన్నాళ్ళుంచుతావు, రేపు కొల్లేరు వెళ్ళేటప్పుడు దారిలో చూసుకుని పొమ్మన్నారు. తంగెళ్ళమూడి మాకు దారి కాదు. అయినా సరేనన్నాను.

పొద్దున్నే జీపులో, యూనిఫాంలో వెళ్ళాను. నేను చేసిన మొదటి తప్పు అదే. మఫ్టీలో వెళితే ఎవరో చుట్టం వచ్చాడనుకుంటారు. యూనిఫాం చూసేసరికి వీధి వీధంతా బాజీ ఇంటి గుమ్మం ముందుకు వచ్చేసింది. బాజీ ఊళ్ళో లేడు, ఏదో పని మీద గూడెం వెళ్ళాడు. నేను వెనక్కి వెళ్ళి మర్నాడు రావాల్సింది. కూర్చున్నాను.

ఆవిడ కుర్చీ తుడిచి వేసింది. లోపలికి వెళ్ళి టీ పెట్టి కప్పూ సాసరుతో తెచ్చింది. నేను కాగితం తీసి పేరు, పుట్టిన ఊరు, తండ్రి పేరు రాసుకున్నాను. భర్త పేరు అడిగాను. ఆవిడ తల వంచుకుని ఊరుకుంది. మన వైపు ఆ వయసు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. హిందువులైనా, ముస్లింలైనా, మావాళ్ళయినా అంతే. మా అమ్మ చనిపోయేదాకా మా నాన్నను మాస్టారు అనే అంది. మస్తాన్‌బీ లేచి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి, ఆ పేరు మీద వేలు పెట్టి చూపించింది. అబ్దుల్ సత్తార్. నేను రాసుకుని పక్కన ‘చనిపోయారు’ అని రాశాను.

తర్వాత అసలు ప్రశ్న అడిగాను. అక్కడ మీకు ఎవరూ లేరా అమ్మా?

ఆవిడ నావైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ జనం వైపు చూసింది. చీర కొంగు సర్దుకుంది.

“లేకేమండీ. మా మరిదిగారున్నారండి. ఆయన కొడుకులు ఇద్దరున్నారు. నన్ను బాగా చూసుకుంటారండి.”

నేను ఈ నేల మీద పుట్టినవాడిని. ఆ జవాబు ఏమిటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పొద్దుటి నుంచి పస్తున్న ఆడమనిషిని భోజనమైందా అని అడగండి, ఇప్పుడే అయిందండి అంటుంది. మా మేనత్తను కొడుకులిద్దరూ ఇంట్లోంచి గెంటేస్తే, ప్రతి ఆదివారం చర్చిలో అందరికీ మా అబ్బాయిలు బంగారమండీ అని చెప్పేది. పరువున్న మనిషి, వీధి వీధంతా వింటుండగా, పోలీసువాడి ముందు కూర్చుని నాకు ఎవరూ లేరు అని చెప్పదు. చెబితే ఆ పూటే చచ్చిపోయినట్టు ఉంటుంది ఆవిడకు.

నాకు తెలుసు. ఆ క్షణంలోనే తెలుసు. జనాన్ని పంపేసి, టీ నెమ్మదిగా తాగి, మరి అంత బాగా చూసుకునేవాళ్ళని వదిలి ఎందుకు వచ్చేశారమ్మా అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న చాలు. బయట జీపు హారన్ కొట్టాడు డ్రైవరు. నేను ‘మరిది, అతని ఇద్దరు కుమారులు ఉన్నారు. తనను బాగా చూసుకుంటారని ఆమె స్వయంగా తెలిపింది’ అని రాసి, కింద సంతకం పెట్టించుకున్నాను. లేస్తూ ఒక గుక్క తాగాను, టీ ఇంకా వేడిగానే ఉంది.

మిఠాయి పొట్లం

జవాబు రావడానికి ఏడాది పైగా పట్టింది. ఈలోగా నెలనెలా ఆవిడ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టి వెళ్ళేది. ఒకసారి గూడెంలో మేనకోడలి పెళ్ళి, వెళ్ళి రావడానికి పర్మిషన్ కావాలని అర్జీ ఇచ్చింది. పైకి పంపాను. పెళ్ళి అయిపోయిన వారానికి వచ్చింది పర్మిషన్. ఆ కాగితం చేతికిస్తే ఆవిడ చదువుకుని, మడత పెట్టి, సంచీలోంచి ఒక పొట్లం తీసి టేబుల్ మీద పెట్టింది. పెళ్ళి మిఠాయి. తను వెళ్ళలేకపోయిన పెళ్ళిది.

“మీరెంత తిరిగుంటారో కదండీ నా కోసం” అంది.

నేను ఎక్కడికీ తిరగలేదు. కాగితం ట్రేలో పడేశాను, అంతే. ఆ మిఠాయి మాత్రం సెక్షన్‌లో అందరం పంచుకు తిన్నాం.

తర్వాత కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చింది. నాలుగు లైన్లు. అక్కడ ఆమెను పోషించగల మగ బంధువులు ఉన్నట్టు ఎంక్వయిరీలో తేలినందువల్ల అర్జీ తిరస్కరించడమైనది, దేశం విడిచి వెళ్ళాలి. ఎంక్వయిరీలో తేలినది అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. తేలింది ఏమిటి, నేనే తేల్చాను.

ఆ సాయంత్రం బాజీని విడిగా పిలిపించి అడిగాను. అప్పుడు చెప్పాడు మరిది సంగతి, అరుగు మీద ట్రంకు పెట్టె సంగతి. అక్కడి పక్కింటావిడ ఎవరో రాసిన ఉత్తరం కూడా చూపించాడు. మర్నాడు దాని నకలు తీసుకుని ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరకు వెళ్ళాను. మళ్ళీ ఎంక్వయిరీ చేసి అదనపు రిపోర్టు పంపుదామండీ, అప్పుడు సరిగ్గా అడగలేదు అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, ఈ కథలో చెడ్డవాడు ఎవరూ లేడు. ఉత్తరం మొత్తం చదివారు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

“చూడు సామ్యూలూ, అప్పుడు ఉన్నారని రాసేవు, ఇప్పుడు లేరని రాస్తావు. మధ్యలో ఏం మారిందని అడుగుతారు. అందులోనూ పాకిస్తాన్ పాస్‌పోర్టు. ఎంత పుచ్చుకున్నావని అడుగుతారు. నీకింకా ఎన్నాళ్ళుంది సర్వీసు?”

రెండేళ్ళు కూడా లేదు. ఆయన ఉత్తరం మడిచి నా చేతికి ఇచ్చారు. నేను జేబులో పెట్టుకుని బయటకు వచ్చాను. మొదటి తప్పు తొందరలో జరిగింది, దానిని క్షమించవచ్చునేమో. రెండోది నేను తెలిసి చేశాను. ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, వచ్చిన మాట పడి ఉండాల్సింది. పెద్ద శిక్ష ఏమీ పడేది కాదు. ఏ మూలకో బదిలీ చేసేవారు, వెనక నాలుగు మాటలు అనేవారు. ఆ నాలుగు మాటలకు భయపడి ఆవిడను వదిలేశాను.

తలుపు గురించి

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఇన్‌స్పెక్టర్ గారే మళ్ళీ ఆ మాట ఎత్తారు. ఆయన మనసు కూడా కుదురుగా లేదనుకుంటాను. ఆయన వాదన ఇది. దేశమన్నాక తలుపు ఉంటుంది, తలుపు దగ్గర కాపలా ఉంటుంది. జాలిపడి తెరిస్తే వందమంది మంచివాళ్ళతో పాటు ఒక్క దుర్మార్గుడు వచ్చినా, ఎక్కడో బాంబు పేలినా, ఆ చచ్చినవాళ్ళ ఇంటికి వెళ్ళి ఎవరు సమాధానం చెబుతారు? గూడెం వ్యాపారి అయితే తన మతం వల్ల అక్కడ ఉండలేక వచ్చాడు. ఈవిడకు అక్కడ మతం వల్ల వచ్చిన ఇబ్బంది ఏముంది? ఆవిడది వాళ్ళ దేశమే, వాళ్ళ మనుషులే.

ఈ మధ్య నన్ను పిలిచిన క్లాసులో కూడా కొత్త ఎస్సై అమ్మాయి ఒకతి ఇదే అడిగింది. చాలా మర్యాదగా అడిగింది. అక్కడ ముస్లింలకు భయమేముంటుంది సార్, మనం వాళ్ళకు కూడా తలుపు ఎందుకు తీయాలి అని. నేను ఏదో గొణిగి కూర్చున్నాను.

ఇదిగో అమ్మా, నా జవాబు. తలుపు వద్దని నేను అనను. జీవితమంతా కాపలా ఉద్యోగం చేసినవాడిని. వచ్చిన ప్రతివాడినీ చూడండి, అడగండి, అనుమానం వస్తే ఆపండి. కానీ మేము ఆ తలుపు దగ్గర ఏం చూశామో చెబుతాను విను. రూలు తప్పిన దొర దంపతులకు టీ ఇచ్చాం, వాళ్ళది నా మతం కాబట్టి. వ్యాపారిని నీ భయమేమిటని అడిగాం, ఆయనది మా ఇన్‌స్పెక్టర్ గారి మతం కాబట్టి. మస్తాన్‌బీని ఆ ప్రశ్న అడగనే లేదు. ఆవిడ మతం చూసి ఆవిడకు భయం ఉండదని మేమే తీర్మానించేశాం. ఇల్లు లాక్కున్న మరిది కూడా అదే మతంవాడు. మతం ఒకటైనంత మాత్రాన ఆవిడను ఇంట్లోకి రానిస్తాడా? మా మేనత్తను గెంటేసిన కొడుకులు ఆదివారం ఆవిడ పక్క బల్లమీదే కూర్చుని పాటలు పాడేవారు.

దేశానికి ప్రమాదమా కాదా అని ఆవిడను ఎవరూ పరీక్షించలేదు. మగదిక్కు ఉందా అని పరీక్షించారు. నాకు దిక్కులేదని నలుగురిలో చెప్పగలిగినవాళ్ళకే లోపలికి దారి ఇచ్చే రూలు అది. సిగ్గూ పరువూ ఉన్నవాళ్ళు ఆ పరీక్షలో తప్పిపోతారు. ఇన్‌స్పెక్టర్ గారికి ఇదంతా చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు కడుక్కుని లేచిపోయాను.

అటారీ

నోటీసు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఈసారి మఫ్టీలో, సైకిలు మీద. బాజీ నోటీసు చదివాడు. అతనికి కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం.

“ఏవండీ, మా అక్కకి అక్కడ మగవాళ్ళున్నారని మీకు ఎవరు చెప్పేరండి?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఆవిడ లోపలినుంచి వచ్చింది. నేనే చెప్పేనురా, ఆయన మీద పడకు అంది. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. ఆ రోజు నేను మొత్తం తాగాను, చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు ఎంతసేపు కూర్చుంటే ఏం లాభం?

సరిహద్దు దాకా దించి రావడానికి నన్నూ, ఒక మహిళా కానిస్టేబులునూ వేశారు. ఏలూరు స్టేషనుకు తంగెళ్ళమూడి సగం వచ్చింది. రైలు కదిలాక ఆవిడ ఏడవలేదు. రెండు రోజుల ప్రయాణంలో మాకు వేళకు గుర్తు చేసి మరీ తిండి పెట్టించింది. బాజీ పెళ్ళాం చేసి ఇచ్చిన పులిహోర, రొట్టెలు. ఆ కానిస్టేబులుది చిన్న వయసు, ఆ పిల్లకు ఉన్ని ముడి ఎలా వేస్తారో తన చీర కొంగు దారంతో చూపించింది. ఢిల్లీ దాటాక ఆ పిల్ల నిద్రపోయింది. నేను ఆవిడ ఎదురుగా కూర్చుని, అమ్మా, ఆ రోజు నేను మిమ్మల్ని అలా అందరి ముందూ అడగకుండా ఉండాల్సింది అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆవిడ కిటికీలోంచి చూస్తూ జవాబిచ్చింది.

“మీరేం చేస్తారండీ, నేను చెప్పిందే రాసేరు. వీధిలో వాళ్ళంతా నిలబడి వింటుంటే ఎవరూ లేరని ఎలా చెప్పుకుంటామండీ. పాతికేళ్ళ తర్వాత వచ్చేను. వాళ్ళ ముందు నన్ను కట్టుకున్నాయన పరువు తీస్తానాండీ?”

అటారీ చెక్‌పోస్టులో పని తొందరగానే అయింది. సామాను చూశారు. ట్రంకు పెట్టెలో బట్టలు, ఒక ఉన్ని ఉండ, తివాచీ ముక్క ఒకటి ఉన్నాయి. కౌంటరులో కూర్చున్న కుర్ర ఆఫీసరు మంచివాడే, ఆవిడకు కుర్చీ వేయించాడు. నేను ఏడాదిన్నరలో చేయని పని ఆ పిల్లాడు రెండు నిమిషాల్లో చేశాడు. ఏదో ఫారం నింపుతూ, అవతల మిమ్మల్ని తీసుకువెళ్ళడానికి ఎవరైనా వస్తున్నారా అని హిందీలో అడిగాడు.

వెనక క్యూలో జనం ఉన్నారు. ఆవిడ వాళ్ళ వైపు ఒకసారి చూసింది. కొంగు సర్దుకుంది. వస్తున్నారని చెప్పింది. పేరు చెప్పమన్నాడు.

“అబ్దుల్ సత్తార్” అంది.

గట్టిగా, అందరికీ వినబడేట్టు చెప్పింది. ఆ ఆఫీసరు రాసుకుని, స్టాంపు కొట్టి, పాస్‌పోర్టు ఆవిడ చేతికిచ్చాడు. కూలీ ట్రంకు పెట్టె ఎత్తుకున్నాడు. ఆవిడ నాకూ కానిస్టేబులుకూ నమస్కారం పెట్టి, వెనక్కి తిరగకుండా గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది. అప్పుడైనా నేను ఆ కౌంటరు దగ్గరకు వెళ్ళి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. నా చంకలో ఆవిడ ఫైలు ఉంది. మొదటి పేజీలో ఆ పేరు ఉంది, పక్కన ‘చనిపోయారు’ అని నా చేతిరాత ఉంది.